సవరణ: స్కాట్లాండ్ వాళ్ల 'త్రూ' గురించి

ఎడిన్‌బరాలో ఎవరైనా 'త్రూ టు గ్లాస్గో' అంటే గ్లాస్గో దాటి అవతలికి వెళ్తున్నట్టు అని మొన్నటి పోస్టులో ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: వాళ్లు వెళ్లేది గ్లాస్గోకే.

తూర్పున ఎడిన్‌బరా, పడమర గ్లాస్గో. మధ్య దూరం సుమారు 75 కిలోమీటర్లు. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే గంట లోపే గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగొచ్చు. ఇలా దేశానికి అడ్డంగా వెళ్లడాన్నే అక్కడివాళ్లు 'త్రూ' అంటారు. అటునుంచి ఇటు వచ్చినా అదే మాట. అసలు ప్రయాణమే లేకపోయినా వాడతారు: మా అక్క 'త్రూ ఇన్ గ్లాస్గో' అంటే అక్కడ ఉంటోందని.

ఇంట్లోనూ ఇంతే. 'కమ్ త్రూ' అంటే ఈ గదిలోకి రమ్మని పిలుపు. దీనికి స్కాట్స్‌లో, అంటే ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే అక్కడి భాషలో, పాత మాట 'బెన్'. నాకు బాగా నచ్చేది ఇదే. వెనకటి రెండు గదుల ఇంటిని 'బట్ అండ్ బెన్' అనేవారు. వంటావార్పూ జరిగే ముందు గది 'బట్', లోపలి గది 'బెన్'. గుమ్మంలో నిలబడ్డవాళ్లను 'కమ్ బెన్' అన్నారంటే లోపలికి రండి అని. బెన్ నెవిస్ కొండ పేరులో ఉన్నది వేరే 'బెన్', అది గేలిక్ అనే మరో స్కాట్లాండ్ భాష నుంచి వచ్చింది.