గది తప్ప అన్నీ మార్చండి

ఆడియో లోకంలో ఈమధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి మొదలైంది. కొందరు మైక్రోఫోన్ కొనుక్కుని, ల్యాప్‌టాప్‌కి తగిలించి, తమ స్పీకర్లు నిజంగా ఏం చేస్తున్నాయో కొలిచి చూసుకుంటున్నారు. అక్కడితో ఆగకుండా ఆ గ్రాఫులు పదిమందికీ చూపిస్తున్నారు కూడా. ఇలా అయితే ఇన్నేళ్లు కష్టపడి పెంచుకున్న మన అభిప్రాయాలన్నీ ఏమైపోవాలి? సంప్రదాయం కాస్తయినా మిగలాలంటే దాని మూలసూత్రాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా, ఆ భారం నేను మోస్తున్నాను. సూత్రం చిన్నదే: ఒక వస్తువు ధ్వనిని ఎంత తక్కువ మారిస్తే, దాని గురించి అంత ఎక్కువ మాట్లాడాలి.

ఈ లెక్కన అగ్రస్థానం కేబుల్‌ది. కాస్త లావుపాటి మామూలు రాగి తీగ అయితే చాలని ఇంజనీర్లు అంటారు, ఓమ్ సూత్రం దాటి ఆలోచించలేరు పాపం. తర్వాత ఆంప్, అంటే స్పీకర్‌ని కదిలించేంతగా సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్. ఆ తర్వాత, ఇంకా ఓపిక మిగిలితే, స్పీకర్. గది అసలు లిస్టులోనే ఉండకూడదు. గదిని అట్టపెట్టెలోంచి తీస్తూ ఫోటో దిగడం కుదరదు కదా.

ఆంప్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒకదాని డిస్టార్షన్, అంటే అసలు పాటలో లేకుండా వచ్చి కలిసే చెత్త, 0.01 శాతం, ఇంకోదానిది 0.001 శాతం. ఈ తేడా మీద రాత్రి రెండింటిదాకా వాదించుకోవచ్చు, వాదించుకోవాలి. 40 హెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగిస్తే స్పీకర్‌లో బేస్ మోగించే చిన్న ఊఫర్ ఒక్కటే సొంతంగా కొన్ని శాతాల డిస్టార్షన్ కలిపేస్తుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే వాదన అక్కడికక్కడే చచ్చిపోతుంది. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హడ్సన్ నది దాటించే పడవలో ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సంకేతంలో కొంత తిప్పి లోపలికి పంపి తప్పులు సరిచేసుకోవడం) ఆలోచనని గీసి పెట్టుకున్నాడు. ఆంప్‌లలో డిస్టార్షన్ తగ్గించే దారి అప్పుడే దొరికింది. దాదాపు వందేళ్ల కిందట దారి దొరికిన సమస్యని ఇప్పటికీ తీరకుండా కాపాడుకొస్తున్నామంటే మన పట్టుదల తక్కువదేం కాదు. ఫీడ్‌బ్యాక్ అస్సలు లేని ఆంప్ అని బ్రోషర్‌లో గర్వంగా వేసుకునే స్థాయికి చేరాం.

వాట్ల విషయంలోనూ ఇదే శ్రద్ధ. 50 వాట్ల ఆంప్ అమ్మేసి 100 వాట్లది తెచ్చుకుంటే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు గట్టిగా వినపడాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. అదే 84 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందన్న అంకె) ఉన్న స్పీకర్ తీసేసి 94ది పెట్టుకుంటే 10 వాట్లే 100 వాట్ల పని చేసిపెడతాయి. ఈ అంకె దాదాపు ప్రతి స్పీకర్ స్పెసిఫికేషన్లలోనూ ఉంటుంది, చదివే నాథుడే లేడు. ఇంట్లో వాడే స్పీకర్లు చాలావరకు తమకిచ్చిన పవర్‌లో ఒక శాతం లోపే శబ్దంగా మారుస్తాయి, మిగతాదంతా వాయిస్ కాయిల్‌ని (స్పీకర్ కోన్‌ని కదిలించే తీగచుట్టని) వేడెక్కించడానికే పోతుంది. దీనికి తోడు క్లాస్ ఏ ఆంప్ ఒకటి ఉందనుకోండి, పాట ఆగిపోయినా అది నిండుగా కరెంటు తాగుతూ కాలుతూనే ఉంటుంది. అంటే మన హాబీ ప్రధానంగా గది వేడి చేసుకోవడం, మధ్యమధ్యలో కాస్త సంగీతం కూడా వస్తుంది.

300బి అనే గాజు వాక్యూమ్ ట్యూబ్ భక్తులని పలకరించకుండా వెళ్తే పాపం తగులుతుంది. 1930లలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ తెచ్చిన ట్యూబ్ అది, సింగిల్ ఎండెడ్‌గా, అంటే తరంగం మొత్తాన్నీ ఒకే ట్యూబ్ మోసేలా, ఒక్కటి వాడితే ఓ 8 వాట్లు ఇస్తుంది. దీనికి తక్కువ పవర్‌కే గట్టిగా మోగే మంచి హార్న్ స్పీకర్ తగిలిస్తే అద్భుతంగా పాడుతుంది, ఇందులో వెటకారమేమీ లేదు. కానీ ఆచారం ప్రకారం దీన్ని 84 డెసిబెల్స్ బుల్లి బుక్‌షెల్ఫ్ స్పీకర్లకే జత చేయాలి. డ్రమ్ము మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆంప్ చేతులెత్తేసి ఆ తరంగం తల నరికేస్తుంది, మనం కళ్ళు మూసుకుని ఆహా ఎంత వెచ్చగా ఉందీ అనుకోవాలి. ఇలాంటి ఆంప్‌ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి ఆంప్ తన లోపలే పెట్టే అడ్డు) రెండు మూడు ఓమ్‌ల దాకా ఉండొచ్చు, స్పీకర్ వెనక 8 ఓమ్‌లని రాసున్నా దాని అడ్డు ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4కి దిగి ఇంకోచోట 30కి ఎక్కొచ్చు, ఈ రెండూ కలిస్తే ఆ ఎగుడుదిగుళ్లు వినపడే సౌండ్‌లోకి వచ్చి చేరి మూడు నాలుగు డెసిబెల్స్ తేడా తెస్తాయి. కాబట్టి ట్యూబ్ ఆంప్ పెట్టగానే సౌండ్ మారిందనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. వాళ్లు కొన్నది చాలా ఖరీదైన టోన్ కంట్రోల్. అదే ఆంప్ ముందుభాగాన బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఉంటే మాత్రం మహాపాపం, ఎందుకంటే అవి తిప్పితే ఏం మారుతుందో అందరికీ తెలిసిపోతుంది, ఇష్టం లేకపోతే వెనక్కి కూడా తిప్పేయొచ్చు.

సొంతంగా స్పీకర్లు కట్టుకునేవాళ్లది ఇంకా ఉన్నతమైన మార్గం. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్, ఏ ఊఫర్‌కి ఎంత పెట్టె కావాలో, పెట్టెలోంచి గాలి వచ్చిపోయే పోర్ట్ గొట్టం ఎంత పొడవుండాలో లెక్కలు తేల్చిపెట్టారు. ఇప్పుడైతే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు అంకెలు కొడితే జవాబు వచ్చేస్తుంది. అందుకే దాని జోలికి పోకూడదు. ముందు చూడ్డానికి నచ్చిన ఊఫర్ కొనాలి, మిగిలిపోయిన చెక్క ఎంతుందో చూసి పెట్టె సైజు నిర్ణయించాలి, గొట్టం సంగతి చేతికి ఏది దొరికితే అది. చివరికి ఏ పాట పెట్టినా బేస్ గిటార్ ఒకే స్వరం వాయిస్తుంది, ఆ పాట ఆ స్వరంలోనే ఉంటే అదృష్టం. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింట్లో ఏవో రెండే దక్కుతాయని హాఫ్‌మన్ ఇనుప సూత్రం ఒకటుంది. మూడూ కావాల్సిందేనని పట్టుబట్టేవాడే మనవాడు. క్రాసోవర్‌లో (బేస్‌ని ఊఫర్‌కీ, పై స్వరాలని ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్‌లో) కెపాసిటర్ ఏ కంపెనీదన్న చర్చ వారం రోజులు నడవాలి. ట్వీటర్, ఊఫర్ ఫేజ్ కలిశాయా, అంటే రెండిటి తరంగాలు ఒకేసారి లేచి పడుతున్నాయా అని ఎవరైనా అడిగితే మాట మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు బ్లైండ్ టెస్ట్. రెండు ఆంప్‌ల వాల్యూమ్ డెసిబెల్‌లో పదో వంతు కూడా తేడా లేకుండా సరిచేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తారు. ఎంత అమానుషం! స్పీకర్లతోనూ ఇలాంటి ఘోరం జరిగింది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు కలిసి స్పీకర్లు తయారుచేసే హార్మన్ కంపెనీ ఉద్యోగులనే కూర్చోబెట్టి, అవే స్పీకర్లకి చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి మార్కులు వేయించారు. కనిపించినప్పుడు ఒక రకం మార్కులు, కనపడనప్పుడు ఇంకో రకం. దీన్నిబట్టి తేలిందేమిటంటే, స్పీకర్ కనపడకపోతే మనిషికి చెవులు సరిగా పనిచేయవు. కాబట్టి సంగీతం వినేటప్పుడు ఆంప్ ముందుభాగం మీద మంచి లైటు పడేలా చూసుకోండి.

ఇక ఆ గది గొడవ. ఎదురెదురు గోడల మధ్య 4 మీటర్లుంటే 43 హెర్ట్జ్ దగ్గర గది తనే మోగడం మొదలుపెడుతుంది. ఆ స్వరం గోడ పక్కన ఉబ్బిపోతుంది, సరిగ్గా నడిమధ్య దాదాపు మాయమైపోతుంది. కుర్చీ ఓ అరమీటరు వెనక్కి జరిపితే బేస్‌లో వచ్చే మార్పు, సరిగ్గా తయారైన రెండు సాలిడ్ స్టేట్ (ట్యూబులు కాక ట్రాన్సిస్టర్లు వాడే) ఆంప్‌ల మధ్య ఎంత వెతికినా దొరకదు. చాలా బాధాకరమైన విషయం, ఎందుకంటే కుర్చీ జరపడానికి ఖర్చు లేదు, ఖర్చు లేనిదానికి రివ్యూలుండవు, పాతది అమ్మేసి కొత్త మోడల్‌కి మారే వీలూ ఉండదు. అందుచేత కుర్చీని కదలనివ్వకండి, గది నడిమధ్య నేలకి బోల్టులేసి బిగించేయండి. బేస్ సన్నబడిందా, ఇంకా పెద్ద ఆంప్ తెండి. స్పీకర్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఎంత పెరిగితే, గోడకి కొట్టుకుని వచ్చి దాన్ని మింగేసేది కూడా అంతే పెరుగుతుంది, మిగతా స్వరాలతో పోలిస్తే ఆ గొయ్యి అంతే లోతుగా ఉంటుంది. కంగారు పడకండి, మీరు తెచ్చిన ఆంప్ సైజు చాల్లేదన్నమాట, దానికి రెట్టింపుది తెండి, ఈసారి కేబుల్ కూడా మార్చండి.