జెండా ఎగరెయ్యడం సరే, దించేదెవరు?

ఆగస్టు దగ్గరపడితే చాలు, "మా చిన్నప్పుడు జెండా పండుగంటే..." అని పోస్టులు మొదలు. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లచొక్కా, పొద్దున్నే ప్రభాతభేరి, చివర్లో చేతిలో పడే బూందీ పొట్లం. అన్నీ నిజమే. కానీ ఈ జ్ఞాపకాల్లో ఒక మనిషి ఎప్పుడూ కనపడడు: అందరికంటే ముందొచ్చి జెండా మూట కట్టిన డ్రిల్లు మాస్టారో, అటెండరో. నా గొడవంతా ఆ పని గురించే.

అప్పట్లో బడికి ఒక్కటే జెండా. బీరువాలో తాళం కింద ఉండేది. మిగతా అలంకారమంతా కాగితమే. పురికొసకి రంగు కాగితం ముక్కలు మైదా జిగురుతో అంటించేవాళ్ళు. జిగురుకి పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ఆగస్టు కదా, జల్లు పడితే తోరణాల రంగు కారి కింద నిలబడ్డ తెల్లచొక్కాల మీద ఆకుపచ్చ మరకలు. జనవరి 26కి ఆ బెడద లేదు.

సరే, మూట సంగతి. జెండాకి కర్రవైపు గొట్టంలా కుట్టిన తెల్ల పట్టీ ఉంటుంది. అందులోంచి పోయే తాడుకి కాషాయం వైపు చెక్కబిళ్ళ, ఆకుపచ్చ వైపు కొంత వదులుతాడు. బిళ్ళ ఉన్నవైపు పైకి. ఇది రెండుసార్లు చూసుకోని చోటే జెండా తలకిందులై, ఆ ఫొటో ఊరంతా తిరుగుతుంది. గిలకలోంచి వచ్చిన తాడు కొసల్లో ఒకటి బిళ్ళకి, రెండోది కింది వదులుతాడుకి కట్టాలి. జెండాని పొడవునా సగానికి, మళ్ళీ సగానికి మడిచి, విడి అంచు నుంచి పట్టీ వైపుకి విసనకర్రలా అటూ ఇటూ మడతలు వెయ్యాలి. చాప చుట్టినట్టు చుడితే విప్పారదు, నాలుకలా వేలాడుతుంది. మడతల మధ్య పూలరేకులు రెండు గుప్పెళ్ళు చాలు. బంతిపూలైతే తొడిమ తీసి ఒలిచినవి, తడి లేనివి. తడి రేకులు గుడ్డకి అంటుకుని ముద్దగా పడతాయి, లేదా అసలు పడవు. జెండాలో ఏదీ పెట్టి మొయ్యకూడదన్న జెండా నియమావళే (ఫ్లాగ్ కోడ్), పండుగ రోజు రేకులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఇప్పుడు ముడి. కింది తాడుతో మూట చుట్టూ రెండు చుట్లు, మూడోది వద్దు. ఆ చుట్ల కింద దూర్చాల్సింది తాడు కొసని కాదు, తాడుని మడిచి ఆ మడతని. లాగు బొందు ముడి తెలిసినవాళ్ళకి ఇది తెలిసినట్టే. కొస దూర్చారో, లాగిన కొద్దీ బిగుస్తుంది. ముఖ్య అతిథి లాగుతూనే ఉంటాడు, జనగణమన అందుకోవాలో వద్దో తెలియక పిల్లలు సార్ మొహం చూస్తుంటారు. మూట పైకెత్తేటప్పుడు బరువంతా పైతాడు మీద పడాలి, కిందితాడు వదులుగా రావాలి. అతిథి చేతికివ్వాల్సింది కిందితాడు ఒక్కటే. రెండూ కలిపి ఇస్తే మూట అక్కడే ఊగుతుంది.

మోకాలెత్తులో ఒకసారి విప్పి చూసి సరే అనుకోవద్దు. పూర్తి ఎత్తుకి పోయాక వేలాడే తాడు బరువే ముడిని లాగుతుంది. అందుకే రిహార్సల్ పైదాకా చెయ్యాలి. గిలకకి నూనె చుక్క వేసి, తాడు లావు గాడికి సరిపోతుందో చూసుకోవాలి. సన్నతాడైతే గాడిలోంచి జారి పక్కన ఇరుక్కుంటుంది, ఇక నిచ్చెన తేవాల్సిందే. వీటన్నిటికంటే ముందు, ఇనప గొట్టం నిలబెట్టే చోట తలెత్తి కరెంటు తీగలు చూడండి. జెండా గొట్టం తీగకి తగిలి ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి.

అన్నట్టు, ఏటా వాట్సాప్‌లో తిరిగే సంగతి నిజమే. ఆగస్టు 15న ఎర్రకోటలో ప్రధాని జెండాని కింది నుంచి పైకి ఎగరేస్తారు, జనవరి 26న పైన కట్టి ఉన్నదాన్ని రాష్ట్రపతి విప్పుతారు. మన బళ్ళలో మామూలుగా రెండు రోజులూ మూటే. దానికి గొడవపడక్కర్లేదు.

"మా కాలంలోదే అసలైన పద్ధతి" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి చూపించిన జెండాలో ఉన్నవి రెండే రంగులు, ఎరుపూ ఆకుపచ్చా. తర్వాత తెలుపు చేరింది, 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చల మీద రాట్నం, 1947 జులై 22న రాట్నం బదులు చక్రం. ఇక ఇంటి మీద ఏ రోజైనా జెండా ఎగరేసే స్వేచ్ఛ 2002 నియమావళితో వచ్చింది. 2004లో అది పౌరుడి హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. పాత రోజులు గొప్పవనుకునేవాళ్ళు అప్పట్లో మామూలు రోజుల్లో తమ డాబా మీద జెండా ఎందుకు లేదో కూడా గుర్తు తెచ్చుకోవాలి.

నాకు నచ్చనిది వేరే. నియమావళికి 2021 డిసెంబరులో చేసిన సవరణతో మిషను మీద నేసిన పాలిస్టరు జెండాకీ అనుమతి వచ్చింది. చవక, వానకి త్వరగా ఆరుతుంది, ఒప్పుకుంటా. కానీ నున్నటి గుడ్డ, ఖద్దరుకి కట్టినంత వదులుగా ముడేస్తే సగం దారిలోనే విప్పుకుంటుంది. పైగా రోడ్డు పక్క అమ్మేవాటిలో కొలత కూడా తేడాయే. పొడవు ఎత్తుకి ఒకటిన్నర రెట్లుండాలి, మూడడుగులకి రెండడుగులు. చక్రంలో 24 ఆకులు లెక్కపెట్టి కొనండి, కోడిగుడ్డులా సాగిన చక్రాలు కూడా దొరుకుతున్నాయి.

2022 జులైలో ఇళ్ళ మీద జెండా రాత్రీ పగలూ ఉంచొచ్చన్నారు. చిరిగినా ఉంచొచ్చని ఎవరూ అనలేదు. గాలికి కొట్టుకునేది విడి అంచు, అందుకే ముందు అక్కడే దారాలు లేస్తాయి. వినాయక చవితికి బాల్కనీల్లో చూడండి, కాషాయం తెల్లబారి, అంచు పీలికలై ఇంకా వేలాడుతుంటుంది. ఎగరేసిన రోజు సెల్ఫీ తీసుకున్న చెయ్యే దాన్ని దించొచ్చుగా! దించడమూ కష్టమేం కాదు. ఎగరేసేటప్పుడు చకచకా, దించేటప్పుడు నెమ్మదిగా. కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడిచి, ఆపైన రెండు పక్కల నుంచీ తెలుపుని మధ్యకి మడిస్తే పైకి చక్రం, కాస్త కాషాయం, కాస్త ఆకుపచ్చ కనపడతాయి. రెండు అరచేతుల మీద పట్టుకెళ్ళి బీరువాలో పెట్టాలి. పాడైపోతే ఎవరూ లేని చోట, ముక్కలు చెయ్యకుండా మొత్తంగా కాల్చెయ్యాలి. తుడిచే గుడ్డ చెయ్యకూడదు, చెత్తబండిలో వెయ్యకూడదు.

ఈసారి మీ అపార్ట్‌మెంటు గ్రూపులో టిఫిన్ ఏంటి, మైకు ఎవరిది అని చర్చ మొదలవగానే ఇంకో లైను కూడా రాయించండి: సాయంత్రం దించేది ఏ ఫ్లాటువాళ్ళు, నిచ్చెన ఎవరింట్లో ఉంది.