ఆకు కదలకపోవడమే భయం

మొన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో మా ఏ320 విమానం రన్‌వే దగ్గరికొచ్చి ఆగిపోయింది. ముందున్న పెద్ద విమానం అప్పటికే గాల్లో ఉంది. పక్కసీటు పెద్దాయన ఒకటే సణుగుడు. "దారి ఖాళీయే కదండీ, ఇంకా దేనికి ఆపారు? బయట ఆకు కూడా కదలట్లేదు!"

"ఆకు కదలకపోవడమే ఇబ్బంది సార్" అన్నాను. ఎగాదిగా చూశారు.

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. దాంతో కింది గాలి రెక్క కొసల చుట్టూ తిరిగి పైకెక్కుతుంది. విమానం వెళ్లిపోయినా ఆ తిరుగుడు రెండు సుడులై వెనకాలే మైళ్ల పొడవునా మిగిలిపోతుంది. విమానం ఎంత బరువైతే సుడి అంత గట్టిది. అందుకే 136 టన్నులు, ఆపైన బరువుండే విమానం లేచాక మాలాంటి మధ్యరకం విమానాన్ని సాధారణంగా రెండు నిమిషాలు ఆపుతారు.

గాలి నిమ్మకు నీరెత్తినట్టు ఉందనుకోండి, ఆ సుడులు చెదరకుండా అలాగే ఉంటాయి. వాటిని తొందరగా చంపేది మనం సీటు పట్టుకుని తిట్టుకునే టర్బులెన్సే. గాలి కాస్త కుదిపితే చాలు, సుడికి వంకర పుడుతుంది. ఒకదాని వంకర రెండోదాని వంకరను పెంచుతుంది. చివరికి రెండూ అక్కడక్కడా తాకి, తెగి, ఉంగరాలుగా విడిపోతాయి. 1970లో క్రో అనే శాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టి చూపించాడు. మనకు లెక్కలెందుకు, మేడ మీద పడుకుని చూస్తే చాలు. పైన జెట్ వదిలిన జంట తెల్లగీతలు మెలికలు తిరిగి, తెగిన గొలుసులా అవుతాయి. చిన్నప్పుడు నేను పొగ చెదిరిపోతోందనుకునేవాణ్ణి.

తేలిగ్గా కొట్టిపారేసే సంగతి కాదిది. 2017 జనవరిలో మాలే నుంచి అబుదాబి వెళ్తున్న చాలెంజర్ 604 అనే చిన్న జెట్‌కు ఎదురుగా, దానికన్నా 1000 అడుగుల ఎత్తులో, ఏ380 అనే భారీ విమానం దాటిపోయింది. ఆ ఎడం నిబంధన ప్రకారం ఉండాల్సిందే. కానీ సుడులు కిందికి దిగుతాయి కదా! అరేబియా సముద్రం మీద ఆ జెట్ పల్టీలు కొట్టి దాదాపు 9000 అడుగులు పడిపోయింది. ఎలాగో మస్కట్‌లో దించారు. మళ్లీ ఎగరలేదది.

ఇదంతా పెద్దాయనకు చెప్పేలోపే మా విమానం లేచింది. మేఘాల్లోకి వెళ్లగానే నాలుగు కుదుపులు. "చూశారా, పాడు గాలి!" అన్నారాయన. నేను బెల్టు ఇంకాస్త బిగించుకున్నాను.