పది లక్షల కార్డు, రూపాయి గోళీ

ఆరోగ్య వ్యవస్థను బాగుచేసుడంటే మనకు యాదికొచ్చేది ఆరోగ్యశ్రీ ఒక్కటే. 2007ల రెండు లక్షలతోని మొదలైన కార్డు 2023 డిసెంబర్‌ల తెలంగాణల పది లక్షలైంది. మంచిదే, కాదనను. కానీ ఆ కార్డు అక్కరకొచ్చేది మనిషి మంచాన పడ్డంకనే. రోజూ మింగే బీపీ గోళీని అది కొనియ్యదు. ఆయుష్మాన్ భారత్ కార్డుది గూడ గదే కథ.

2017 జాతీయ ఆరోగ్య విధానంలనే రాసుకున్నరు, పెట్టే పైసలల్ల మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలెనని. పోనీ, ఒక్క గోళీ లెక్క తీద్దాం.

మైదానంల ఒక పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద 30 వేల జనం (ఏటూరునాగారం అసొంటి ఏజెన్సీల 20 వేలు). ముప్పై ఏండ్లు దాటినోళ్లు సగం, వాళ్లల్ల ఐదుగురికి ఒకరికి బీపీ అనుకుంటే మూడు వేల మంది. రోజుకొక బీపీ గోళీ, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. మూడు నెలలకు 2.7 లక్షల గోళీలు.

ఇప్పుడు ఇండెంట్ సంగతి, అంటే ఇన్ని మందులు కావాలెనని పీహెచ్‌సీ పైకి పంపే లెక్క. చాలా కాడ పోయిన మూడు నెలల్ల ఎన్ని పంచిన్రో చూసి, పది శాతం కలిపి పంపుతరు. అండ్ల ఒక నెల స్టాకే లేదనుకోండ్రి, పంచింది 1.8 లక్షలే. పది శాతం కలిపినా 1.98 లక్షలు. అంటే వచ్చేసారి గూడ మూడో నెల మొదలైన వారం లోపల్నే డబ్బా ఖాళీ! ఉత్త చేతులతోని వాపసు పోయినోళ్లు ఏ రిజిస్టర్ల ఉండరు. కంప్యూటర్‌కు మాత్రం అవసరం తగ్గినట్టే కనవడ్తది.

స్టాక్ ఉన్న 60 రోజులతోనే భాగించాలె. 1.8 లక్షలను 60తోని భాగిస్తే రోజుకు మూడు వేలు, 90 రోజులకు 2.7 లక్షలు. నాలుగో తరగతి లెక్క ఇది.

తమిళనాడు 1995 నుంచే ఈ పని వేరే తీరుగ చేస్తున్నది. ప్రతి దవాఖానకు ఒక పాస్‌బుక్, అండ్ల దాని వాటా సొమ్ము. ఏ మందు తక్కువుంటే అది జిల్లా గోదాం నుంచి తెచ్చుకుంటరు, లెక్క పాస్‌బుక్‌ల పడ్తది. గోదాంకొచ్చిన ప్రతి బ్యాచ్‌ను ల్యాబ్‌ల పరీక్ష చేసినంకనే బయటికి ఇడుస్తరు.

ఇక్కడ కొనలేనోళ్లు గోళీలు బంద్ చేస్తరు. పక్షవాతమొచ్చి మూతి వంకరపోయిన నాడు రక్తం గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపల పడాలె, అంతకు ముందు సీటీ స్కాన్ కావాలె. ములుగు అవతలి ఊర్ల నుంచి హన్మకొండ దాకా వచ్చేసరికే సగం టైం అయిపోతది. కార్డు అడిగేది అప్పుడు.

కార్డు పరిమితి ఎంతకు పెంచుతరో తర్వాత చూద్దాం. ముందుగాల ప్రతి పీహెచ్‌సీ గోడకు ఒక బోర్డు పెట్టున్రి: ఏ గోళీ, ఇంకెన్ని రోజులకు సరిపోతది, పోయిన నెల ఎన్ని రోజులు లేకుండె.