మంచానికీ మంచానికీ మధ్య

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టర్ చెప్పిన మూడో రోజున రోగికి చలిజ్వరం మొదలవుతుంది. ఆస్పత్రికి తీసుకొచ్చిన జబ్బు వేరు, ఆస్పత్రిలో అంటుకున్నది వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం చికిత్సకు ఆస్పత్రిలో చేరే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి ఇలా ఇన్ఫెక్షన్ సోకుతోంది. సోకినవారిలో పదిమందికి ఒకరు చనిపోతున్నారు.

ఈ ఇన్ఫెక్షన్లు తెచ్చే బ్యాక్టీరియా కదిలే తీరు తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. మూత్రానికి వేసిన పైపు మీద ప్రోటియస్ అనే బ్యాక్టీరియా చేరిందంటే మామూలుగా రెండు మైక్రోమీటర్లు కూడా లేని కణం పది ఇరవై రెట్లు పొడవు సాగి, ఒంటినిండా వేల తోకలు మొలిపించుకుని, తోటి కణాలతో గుంపు కట్టి పైపు వెంబడి మూత్రాశయం వైపు పాకుతుంది. దాని వల్ల మూత్రంలోని లవణాలు గార కట్టి పైపే మూసుకుపోతుంది. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియాది ఇంకో పద్ధతి. బావిలో పడ్డ బొక్కెన కోసం పాతాళగరిగె వేసినట్టు, సన్నని పోగును ముందుకు విసిరి, అది అతుక్కున్నాక వెనక్కి లాక్కుంటూ తానే ముందుకు జరుగుతుంది. సింకు గొట్టంలో జిగురు పొర కట్టుకుని మకాం వేసేది కూడా ఇదే.

అయితే ఎంత పాకినా ఒక మంచం నుంచి పక్క మంచానికి అది నడిచి పోలేదు. ఐసీయూలను వణికిస్తున్న ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియానే చూడండి, గ్రీకు మూలం నుంచి వచ్చిన ఆ పేరుకు అర్థమే ‘కదలనిది’ అని. దానికి ఈదే తోకలు లేవు. పొడిగా ఉన్న మంచం కడ్డీ మీద, వెంటిలేటర్ బటన్ల మీద వారాల తరబడి బతికి ఉంటుంది, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా. ఆ చేయి డాక్టర్‌ది కావచ్చు, నర్సుది కావచ్చు, మంచం అంచున కూర్చున్న మన బంధువుది కావచ్చు. గ్లవ్స్ మార్చకుండా నలుగురు రోగులను ముట్టుకుంటే అవి తొడుక్కున్నవారిని మాత్రమే కాపాడతాయి.

2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మంది మహిళల్లో నలుగురు చనిపోయారు. జబ్బుతో వెళ్లినవారు కాదు వాళ్లు, ఆరోగ్యంగా నడిచివెళ్లిన తల్లులు. ఇన్ఫెక్షనే ప్రాణం తీసిందని తేలింది. ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్ల నివారణకు జాతీయ మార్గదర్శకాలు వచ్చింది 2020లోనే. కాగితాలకు కొరత లేదు.

నర్సులను తిట్టి ఊరుకుంటే కుదరదు. శానిటైజర్‌తో చేతులు సరిగా రుద్దుకోవడానికి 30 సెకన్లు పడుతుంది. ఒక షిఫ్టులో 60 సార్లు రుద్దుకుంటే అరగంట. వార్డు మొత్తానికి ఒకే నర్సును పెట్టినప్పుడు ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుంది? మంచం కడ్డీ తుడిచే కాంట్రాక్టు కార్మికురాలికి ఏ మందు ఎంత కలపాలో నేర్పిందెవరు? ఐసీయూ రక్షణలో ఆమెది డాక్టర్‌కు తీసిపోని పాత్ర. ఆమె జీతం, శిక్షణ కూడా ఆ లెక్కనే ఉండాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆస్పత్రీ తన దగ్గర చేరాక ఎంతమందికి ఇన్ఫెక్షన్ సోకిందో నెలనెలా లెక్క తీసి, ఓపీ కౌంటర్ పక్కన తెలుగులో బోర్డు పెట్టాలి. పైపు వేసిన ప్రతి రోగి దగ్గర రోజూ ఉదయం రౌండ్లలో ‘ఇది ఇంకా అవసరమా?’ అని అడిగి, అక్కర్లేకపోతే అప్పుడే తీసేయాలి.