గుర్రం సుడి రాసుకుంటారు, సైసు పని రాయరు

విదేశాల్లో పోటీలకు వెళ్లే గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య గుర్తింపు ఉన్న ఆ పుస్తకంలో గుర్రం బొమ్మను ఎడమ నుంచి, కుడి నుంచి, ముఖం ఎదురుగా ఇలా అన్ని వైపుల నుంచీ గీసి ఉంచుతారు. నుదుటి మీదో మెడ మీదో సుడి ఎక్కడుంటే అక్కడ ఇంటూ గుర్తు పెడతారు. తెల్ల మచ్చ ఉంటే దాని అంచును ఎర్ర సిరాతో గీస్తారు. మన దగ్గర సుడులు చూసి గుర్రం అచ్చొస్తుందో లేదో చెప్పేవారు. అక్కడ అవే సుడులు మనిషికి వేలిముద్రల్లా గుర్తింపుకు పనికొస్తాయి. మెడలో 15 అంకెల చిప్, ఆ అంకె పుస్తకంలో. ఫ్లూ టీకా ఏ రోజు వేశారో, ఏ బ్యాచ్ మందో, ఏ వైద్యుడు సంతకం పెట్టాడో అన్నీ ఉంటాయి. చివరి టీకా వేసి 6 నెలల 21 రోజులు దాటినా, పోటీకి 7 రోజుల ముందులోపు వేసినా ఆ గుర్రాన్ని లోపలికి రానివ్వరు.

దాన్ని చూసుకోవడానికి దేశం దాటి వెళ్లే సైసు వీసా మీద వృత్తి అనే చోట ఉండేది ఒకటి రెండు మాటలు. ఆ మాటలు ఏమిటన్న దాన్ని బట్టే అతను రోజుకు ఎన్ని గంటలు పనిచేయాలో, దెబ్బ తగిలితే ఏ చట్టం కింద అడగాలో తేలిపోతుంది. చాలామంది ఆ మాటలు చదవకుండానే విమానం ఎక్కుతున్నారు. గుర్రాల పనికి గల్ఫ్ వెళ్లే వాళ్ల కష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతుందని మా అభిప్రాయం.

ముందు ఆ పని ఎంత నైపుణ్యంతో కూడుకున్నదో చూడాలి. టోక్యో ఒలింపిక్స్ కోసం 2021 జులైలో 36 డ్రెస్సాజ్ (రౌతు సైగలకు గుర్రం లయగా అడుగులు వేసే పోటీ) గుర్రాలు బెల్జియంలోని లీజ్ నుంచి మొదటి విమానంలో బయలుదేరాయి. అంతకు ముందు జర్మనీలోని ఆఖెన్‌లో 7 రోజులు క్వారంటైన్. దారిలో దుబాయ్‌లో ఇంధనం కోసం ఆగి టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో దిగేసరికి 18 గంటలు దాటింది. విమానంలో గుర్రం ఉండేది పెట్టె లాంటి కొట్టంలో. ఒక్కో పెట్టెలో మూడు గుర్రాలను పక్కపక్కనే నిలబెట్టొచ్చు. యజమాని ఎక్కువ డబ్బు పెడితే రెండు, ఇంకా పెడితే ఒక్కటే. పెట్టెను నేల మీదే సిద్ధం చేసి, గుర్రాలను ఎక్కించి, తర్వాత లిఫ్టుతో విమానంలోకి పంపుతారు.

జనం అనుకునేట్టు విమానం లేవడం, దిగడం అంత పెద్ద ప్రమాదమేమీ కాదు. ఆ కాసేపు సైసు తల దగ్గర నిలబడి పగ్గం పట్టుకుంటే చాలా గుర్రాలు కాళ్లు వెడల్పుగా పెట్టి సర్దుకుంటాయి. అసలు ప్రమాదం మెల్లగా వస్తుంది. మేసే గుర్రం రోజులో ఎక్కువసేపు తల కిందికి దించే ఉంచుతుంది. అలా ఉంటేనే శ్వాసనాళంలో చేరిన దుమ్ము, సూక్ష్మజీవులు, చీమిడి బయటికి జారిపోతాయి. పగ్గం పొట్టిగా కట్టి తల పైకే ఉంచితే కొన్ని గంటల్లోనే అవి ఊపిరితిత్తుల వైపు చేరడం మొదలవుతుంది. ప్రయాణ జ్వరం అని పిలిచే న్యుమోనియా ఇలాగే వస్తుంది. అందుకే తెలిసిన సైసు కుదిరినప్పుడల్లా పగ్గం వదులు చేసి తల దించనిస్తాడు. గడ్డిని నీళ్లలో నానబెట్టి దుమ్ము లేకుండా వలలో పెడతాడు. దాణా బాగా తగ్గిస్తాడు, కదలకుండా నిలబడ్డ గుర్రం కడుపులో గింజలు పులిస్తే నొప్పి వస్తుంది కాబట్టి. నాలుగైదు గంటలకోసారి నీళ్లు పెడతాడు. కొత్త ఊరి నీళ్ల వాసనకు కొన్ని గుర్రాలు మూతి తిప్పేస్తాయి. అలాంటి వాటికి బయలుదేరే నాలుగు రోజుల ముందు నుంచే ఇంటి దగ్గర నీళ్లలో కొంచెం ఆపిల్ రసమో బెల్లపు పాకమో కలిపి అలవాటు చేస్తే, అక్కడ కూడా అదే రుచి చూపించి తాగించొచ్చు. 500 కిలోల గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగాలి, వేడిలో ఇంకా ఎక్కువే. నీళ్లు తగ్గితే పేగుల్లో మేత గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది.

దిగిన తర్వాత మూడు రోజులపాటు ఉదయం, సాయంత్రం జ్వరం చూసి రాయాలి. మామూలుగా 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 38.6 దాటితే దగ్గు కోసం ఎదురుచూడకుండా వైద్యుణ్ని పిలవాలి. ఈ జ్వరంలో దగ్గు ఆలస్యంగా వస్తుంది, అసలు రాకపోవచ్చు కూడా. ముందు కనిపించేవి మేత వదిలేయడం, మూలన నిలబడిపోవడం, కదలడానికి ఇష్టపడకపోవడం. రోజూ దాని దగ్గరే ఉండే మనిషికి తప్ప ఇంకెవరికీ ఇవి కనపడవు.

పోటీల్లో ఇంకో జాగ్రత్త ఉంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. సైసు గుర్రం కొట్టంలో మూత్రం పోయకూడదు. తను వేసుకున్న నొప్పి మాత్ర మూత్రంతో గడ్డిలో చేరి, ఆ గడ్డి గుర్రం తింటే డోపింగ్ పరీక్షలో దొరుకుతుంది. తాగుతున్న కాఫీ దాని తొట్టి దగ్గర పెట్టినా అంతే, కెఫీన్ నియంత్రణలో ఉన్న పదార్థం. నిషేధం పడేది రౌతు మీద. అయినా ముందు అందరూ వేలెత్తి చూపేది సైసునే.

గల్ఫ్‌లో గుర్రాల పనికి అక్కడి నేల తెచ్చిపెట్టే సమస్యలు వేరు. గడ్డి నేల మీద వేస్తే గుర్రం దాంతోపాటు ఇసుక తింటుంది, అది పేగుల అడుగున పేరుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి యంత్రమేమీ అక్కర్లేదు. నేల తగలని తాజా లద్దె నాలుగైదు ఉండలు పొడవాటి ప్లాస్టిక్ చేతి తొడుగులో వేసి, నీళ్లు పోసి, పిసికి, వేళ్లు కిందికి ఉండేట్టు పావుగంట వేలాడదీయాలి. ఇసుక ఉంటే వేళ్ల కొనల్లో దిగుతుంది. చేత్తో నొక్కితే గరుగ్గా తెలిసిపోతుంది. ఒక్కసారి కనపడనంత మాత్రాన లేదని కాదు, మూడు నాలుగు రోజులు చూడాలి. మేత రబ్బరు పట్ట మీదో తొట్టిలోనో వేయడమే అసలు మందు. అలాగే చల్లని దేశం నుంచి వచ్చిన గుర్రం కొన్నిసార్లు ఉక్కపోతలో చెమట పట్టడమే మానేస్తుంది. పరుగు తర్వాత ఒళ్లు పొడిగా ఉండి, డొక్కలు ఎగిసిపడుతుంటే అది బాగా అలవాటైందని మురిసిపోకూడదు, వెంటనే ఒంటి మీద నీళ్లు పోయాలి. దూర పరుగుల పోటీల్లో ప్రతి మజిలీ దగ్గర నిర్ణీత సమయంలోగా గుండె వేగం నిమిషానికి 64కు దిగాలి. అక్కడ గుర్రం గెలిచేదీ ఓడేదీ నీళ్లు పోసే చేతుల మీదే.

ఇంత తెలిసిన మనిషిని చట్టం ఏమని పిలుస్తోందన్నది అసలు ప్రశ్న. యూఏఈలో గృహ కార్మికుల కోసం 2022లో తెచ్చిన 9వ నంబరు ఫెడరల్ చట్టం ఉంది. దాని కింద గుర్తించిన వృత్తుల జాబితాలో వంటమనిషి, ఇంటి డ్రైవరు, ఆయాతో పాటు ఇంటి గుర్రాల సైసు కూడా ఉన్నాడు. అంటే ఒక కంపెనీ నడిపే రేసు కొట్టంలో పనిచేస్తే సాధారణ కార్మిక చట్టం, ఒక కుటుంబం సొంత కొట్టంలో పనిచేస్తే గృహ కార్మికుల చట్టం. పని అదే, గుర్రం అదే, లద్దె ఎత్తడం అదే. మొదటి చట్టంలో వారానికి 48 గంటలు, దాటితే అదనపు జీతం. రెండో దాంట్లో రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా, వారానికి ఒక సెలవు. లెక్కేస్తే ఆరు రోజుల్లో 72 గంటల దాకా పని చేయించుకునే వీలుంది. పత్రాలు, పాస్‌పోర్టు కార్మికుడి దగ్గరే ఉండాలని గృహ కార్మికుల చట్టమే చెబుతోంది, ఈ సంగతి తెలిసి వెళ్లాలి. సౌదీలో ఇంకా తేడా. అక్కడి సాధారణ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకు, పొలం పనివాళ్లకు, పశువుల కాపరులకు చాలావరకు వర్తించదు, వాళ్లకు వేరే నియమాలు. వీసా మీద పొలం పని అని రాయించి గుర్రాల కొట్టానికి తీసుకెళ్లినా, గుర్రాల పని అని చెప్పి ఎడారిలో మేకల దొడ్డిలో దింపినా, రాసిన మాటే నిలబడుతుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్లలో ఇలాంటి గాథలు కొత్తవి కావు.

అందుకే వీసా అరబ్బీలో ఉంటే, వృత్తి అనే చోట ఏముందో అరబ్బీ వచ్చిన వాళ్లతో గట్టిగా చదివించుకోవాలి. సాయిస్ ఖైల్ అంటే గుర్రాల సైసు. మన సైసు అనే మాట ఈ అరబ్బీ సాయిస్ నుంచి వచ్చిందే. ఆమిల్ మజ్రఆ అంటే పొలం పనివాడు, రాయీ అంటే కాపరి. ఈ చివరి రెండింట్లో ఏదైనా వినిపిస్తే వీసా మార్చమని ఇక్కడే అడగాలి. అక్కడ దిగాక మార్పించుకోవడం యజమాని దయ మీద ఆధారపడుతుంది. పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్టుకు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ–మైగ్రేట్‌లో వలస అనుమతి కావాలి. దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటును అక్కడే వదిలేయాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. గుర్రం తాపు తొడ ఎముక విరగ్గొట్టగలదు. ఈ పనికి వెళ్లేవాళ్లు ధనుర్వాతం టీకా, ఈ బీమా రెండూ లేకుండా బయలుదేరకూడదు.

గుర్రాన్ని సరిహద్దు దాటనివ్వడంలో ప్రపంచం ఎంత కఠినంగా ఉందో చరిత్రలో కనిపిస్తుంది. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగితే, ఆస్ట్రేలియా క్వారంటైన్ చట్టం వల్ల గుర్రపు పోటీలు మాత్రం స్టాక్‌హోంలో పెట్టారు. 2008లో బీజింగ్ ఆటలైతే గుర్రాలు హాంకాంగ్‌లో పోటీపడ్డాయి. మన దేశానిదీ అదే బాధ. ఇక్కడి గుర్రాలను బయటి దేశాలు సులువుగా తీసుకోకపోవడంతో మన రౌతులే గుర్రాల దగ్గరకు వెళ్లారు. 2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చిన అనూష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా యూరప్‌లో ఉండి సాధన చేసినవాళ్లే. అశ్వక్రీడల్లో మనకు స్వర్ణం రావడం 1982 ఢిల్లీ తర్వాత 41 ఏళ్లకు. మేరఠ్ కంటోన్మెంట్‌లోని సైనిక పశువైద్య కేంద్రాన్ని గుర్రాల వ్యాధులు లేని ప్రాంగణంగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2025 జులై 3న గుర్తించింది. గ్లాండర్స్, సర్రా, ఇన్‌ఫ్లుయెంజా సహా ఐదు రోగాలు అక్కడ లేవని దాని అర్థం. ఆ ప్రాంగణం నుంచి గుర్రాలు ఇక బయటికి వెళ్లే దారి తెరుచుకుంది. అవి వెళ్తే సైసులూ వెళ్లాలి.

గుర్రాన్ని దిగుమతి చేసుకుని దాన్ని చూసే చేతిని పట్టించుకోకపోతే ఏమవుతుందో దక్షిణాదికి పాత అనుభవమే. అరబ్బు రేవుల నుంచి ఓడల్లో వచ్చిన గుర్రాలు పాండ్య రాజుల దగ్గర ఏడాది తిరక్కుండానే చచ్చిపోయేవని, డెక్కలు చూసి నాడాలు కొట్టేవాళ్లు ఇక్కడ లేరని, అమ్మే వర్తకులు అలాంటి పనివాళ్లను కావాలనే రానిచ్చేవారు కాదని మార్కో పోలో రాశాడు. ఆయన లెక్కలన్నీ నమ్మక్కర్లేదు. కానీ గుర్రం ధర ఆ పనివాడి చేతుల్లో ఉందని ఆ వర్తకులకు తెలుసన్న మాట మాత్రం నమ్మదగినదే.

మలక్‌పేటలో 1886 నుంచి రేసుకోర్సు ఉంది. తెల్లవారుజామున నడకకు తీసుకెళ్లడం, ఖరారాతో (ఒళ్లు తోమే దువ్వెనతో) రుద్దడం, కాళ్లకు పట్టీ కట్టడం, డెక్కలో ఇరుక్కున్న రాయి తీయడం తెలిసిన సైసులు అక్కడ ఉన్నారు. వాళ్ల చేతి పనికి బయటి దేశంలో చూపించుకునే ధ్రువపత్రం కావాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాల కోసమే పెట్టిన ప్రభుత్వ సంస్థలు. నర్సులకు, డ్రైవర్లకు చేస్తున్న పనే వీళ్లకూ చేయొచ్చు. మూడు నెలల కోర్సు చాలు: జ్వరం, గుండె వేగం చూసి రాయడం, పట్టీ బిగువు తప్పకుండా కట్టడం, విమానపు పెట్టెలో గుర్రంతో నిలబడడం, నిషేధిత మందుల పేర్లు, వంద మాటల అరబ్బీ, వంద మాటల ఇంగ్లీషు. చివర్లో పశువైద్యుడి ఎదుట పరీక్ష. పట్టీ సంగతే తీసుకుంటే, దూది మెత్త వేయకుండా బిగించి కడితే ఒక్క రాత్రిలో కాలు వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టు) వాచిపోతుంది, పందెపు గుర్రం నెలల తరబడి కొట్టానికే పరిమితమవుతుంది. అది చేతకాని వాడినీ, ఇరవై ఏళ్లుగా చేస్తున్న వాడినీ ఇవాళ ఒకే వీసా మీద, ఒకే జీతానికి పంపుతున్నారు.

ఒప్పందంలోనూ కొన్ని మాటలు అచ్చులో ఉండాలి: ఒక్కరికి ఎన్ని గుర్రాలు, కొట్టం కంపెనీదా కుటుంబానిదా, రాత్రి కాపలా ఉంటే దానికి బదులు విశ్రాంతి ఎప్పుడు, గుర్రంతో ఇంకో దేశం వెళ్లాల్సి వస్తే ఆ వీసా ఖర్చు, తిరుగు ప్రయాణం ఎవరివి, ఆ దేశంలో దెబ్బ తగిలితే బీమా వర్తిస్తుందా. ఈ చివరిది చాలామంది అడగరు. పోటీల కాలంలో కొన్ని కొట్టాలు వారాల తరబడి యూరప్‌కు మారతాయి. గుర్రానికి ఆ దేశానికి సరిపోయే ఆరోగ్య ధ్రువపత్రం ముందే తయారవుతుంది. సైసు బీమా కాగితంలో ఆ దేశం పేరు ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.