సినిమా అంటే డైరెక్టర్ ఒక్కడేనా?

ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్లకు లక్షలు పోయడం దండగ, ఆ డబ్బుతో సొంతంగా షార్ట్ ఫిల్మ్ తీసుకోవడం నయం అని ఈ మధ్య ఒక వ్యాసకర్త తేల్చేశారు. డైరెక్టర్ కావాలనుకునేవాళ్ల వరకు ఆ మాటలో కొంత నిజముంది. మరి మిగతా శాఖల సంగతో?

ఫోకస్ పుల్లర్ పనే తీసుకోండి, అంటే షాట్‌లో నటుడు మసకబారకుండా లెన్స్ సరిచేసే కెమెరా సహాయకుడి పని. నటుడి కంటి దగ్గర్నుంచి కెమెరా మీదున్న గుర్తు దాకా టేపు పట్టి కొలవాలి, నేల మీద మార్కు వేయాలి. షాట్ నడుస్తుండగా నటుడు ఆ మార్కు దాటి అడుగు ముందుకేస్తే, చేతి అంచనాతోనే లెన్స్ రింగు తిప్పాలి. నలుగురైదుగురు విద్యార్థులు ఒకరి సినిమాకు ఒకరు పనిచేస్తూ పది తప్పులు చేస్తేగానీ ఇది పట్టుబడదు. పెద్ద సెట్లో షాట్ పాడైతే చీవాట్లే గానీ పాఠాలుండవు.

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ ఏ స్కూల్లోనూ సినిమా నేర్చుకోలేదు. బొంబాయి వెళ్లి చిన్నాచితకా పనులు చేస్తూనే పైకొచ్చారు, నిజమే. అయినా ఇవాళ చెన్నై సాలిగ్రామంలో ఆయన పేరు మీదే ఫిల్మ్ అకాడమీ ఉంది! హైదరాబాద్‌లో అన్నపూర్ణ వాళ్ల స్కూలు 2011లో మొదలైంది, అదీ స్టూడియో ఆవరణలోనే. అలాంటి చోట ల్యాబూ, ఎడిటింగ్ రూమూ కళ్లెదుటే ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో రెండు గదులు తీసుకుని బోర్డు పెట్టినవాళ్లతో వీటిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

పిల్లల్ని చేర్పించే ముందు పాత బ్యాచ్ కోర్సు చివర్లో తీసిన డిప్లొమా సినిమాలు చూపించమనండి. బొమ్మ కంటే ముందు సౌండ్ ఎలా ఉందో వినండి. చూపించడానికి నీళ్లు నమిలితే అడ్వాన్స్ కట్టకుండా వచ్చేయండి.